మాస్టారికి పరీక్ష లేదు

డ్రైవింగ్ స్కూలు పెట్టాలనుకునేవారి దగ్గర ఏమేం ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి ఓపిగ్గా జాబితా రాసిపెట్టింది. నల్లబల్ల ఉండాలి. రోడ్డు నమూనా బోర్డు, ట్రాఫిక్ గుర్తుల చార్టు, పోలీసు చేత్తో చూపే సైగల చార్టు ఉండాలి. ఇంజను, గేర్‌బాక్సు, బ్రేక్ డ్రమ్ము విడిగా చూపించి చెప్పడానికి పెట్టుకోవాలి. పంక్చర్ కిట్టు, జాకీ, స్పానర్ల సెట్టు, స్క్రూడ్రైవర్లు, సుత్తి. కూర్చోడానికి బెంచీలు. ప్రథమ చికిత్స పెట్టె. 1989 నాటి ఈ నియమావళిలో 24వ నిబంధన చదువుతుంటే ఎవరో మెకానిక్ షెడ్డులో నిలబడి కంటికి కనిపించినవన్నీ వరసగా రాసుకున్నట్టుంటుంది. సుత్తి దాకా గుర్తుంచుకున్నవారు ఒక్క సంగతి మరిచారు. పక్క సీట్లో కూర్చునే మాస్టారికి నేర్పడం వచ్చో రాదో చూసేదెవరు?

మాస్టారికి అర్హతలు లేవని కాదు. ఉన్నాయి. పదో తరగతి పాసై ఉండాలి. కనీసం ఐదేళ్లు బండి నడిపిన అనుభవం ఉండాలి. దానికి తోడు ప్రభుత్వ సంస్థ నుంచో, రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి గుర్తించిన సంస్థ నుంచో మోటారు మెకానిజంలో సర్టిఫికెట్ ఉండాలి. లేదంటే మెకానికల్ ఇంజనీరింగ్‌లో అంతకు పైచదువు ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నిబంధనలు క్షుణ్ణంగా తెలియాలి. బండి భాగాలు ఎలా పనిచేస్తాయో చూపించి వివరించగలగాలి. ఇంగ్లిష్ గానీ స్థానిక భాష గానీ తగినంత రావాలి. నిబంధనలు రాకముందే ఐదేళ్లుగా నేర్పుతున్నవారికి ఈ షరతుల నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే అనుభవం కూడా అర్హతేనని అప్పట్లో సర్కారు ఒక్కసారి ఒప్పుకుంది. ఆ తర్వాత వచ్చినవారి విషయంలో మాత్రం ఒప్పుకోలేదు.

మెకానిక్ సర్టిఫికెట్ ఎందుకంటే దానికి ఆనాటి కారణం ఉంది. 1980లలో రోడ్ల మీద తిరిగినవి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, బానెట్ ముందుకు పొడుచుకొచ్చిన లారీలు. దారి మధ్యలో కార్బురేటర్ మొరాయిస్తే, ఫ్యాన్ బెల్టు తెగితే పక్కన దింపి బాగుచేసుకున్నవాడే గమ్యం చేరేవాడు. ఆ కాలంలో సగం డ్రైవింగ్ అంటే సగం మరమ్మతు. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాల బండ్లే అమ్ముతున్నారు. వాటి ఇంజను లోపల ఏం తేడా వచ్చిందో తెలుసుకోవాలంటే కంపెనీ వర్క్‌షాపులో స్కానర్ పెట్టాల్సిందే. డ్రైవింగ్ స్కూలు మాస్టారు బానెట్ ఎత్తి చేయగలిగింది చల్లనీళ్లు పోయడం, ఆయిల్ చూడడం. అయినా ఆయన్ను మాస్టారిగా నిలబెట్టేది ఆ ఐటీఐ కాగితమే.

ఇంతకీ జనం దేనివల్ల చనిపోతున్నారు? కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఈ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. పోలీసులకు కేసు రాయడానికి అతివేగమంత సులువైన కారణం మరొకటి లేదన్నది నిజమే. ఆ అంకెను కొంత తగ్గించి చూసినా, ప్రాణాలు తీస్తున్నది అరిగిన బ్రేక్ డ్రమ్ముల కన్నా నడిపేవాడి అలవాట్లని ఒప్పుకోక తప్పదు. ముందు బండికి ఎంత దూరం ఉండాలి, మలుపులో ఎక్కడ వేగం తగ్గించాలి, ఎదురుగా వచ్చేవాడు ఏం చేయబోతున్నాడో ఎలా పసిగట్టాలి అన్నవి స్పానరుతో బిగించేవి కావు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, తప్పు చేసిన క్షణంలోనే చెప్పి, పదిసార్లు చేయించి అలవాటు చేయాల్సినవి. అదే మాస్టారి పని. ఆ పని చేయగలడో లేదో చూసే పరీక్ష ఏదీ మన చట్టంలో లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 24వ నిబంధన కింద ఐదేళ్లకు లైసెన్సు ఇచ్చేది స్కూలుకు. మాస్టారికి కాదు. దరఖాస్తుతో పాటు ఆయన సర్టిఫికెట్లు పెడతారు. అధికారి ఫైలు చూస్తాడు, ఆవరణ చూస్తాడు, బండికి డ్యుయల్ కంట్రోల్ ఉందో లేదో చూస్తాడు. కారు నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఎల్ఎల్ఆర్ కోసం కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట ట్రాక్ మీద నడిపి చూపాలి. రెండు పరీక్షలు. ఆ కుర్రాడికి నేర్పినవాడికి, నేర్పేవాడి హోదాలో, ఒక్కటీ లేదు. బండి భాగాలను 'వివరించగల సామర్థ్యం' ఉండాలని నిబంధనలో రాసి ఉంది కదా అంటారా? ఉంది. ఆ సామర్థ్యాన్ని ఎలా కొలవాలో, ఎన్ని మార్కులు వస్తే ఉన్నట్టో ఎక్కడా రాయలేదు.

స్కూలుకు లైసెన్సు ఇచ్చి మాస్టారిని కాగితాల్లో వదిలేస్తే ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కాగితం ఒకరిది, కాలు ఇంకొకరిది అవుతుంది. ఐటీఐ చదివినవాడి సర్టిఫికెట్ ఫైల్లో ఉంటుంది. ఆయన ఏ ఫ్యాక్టరీలోనో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. పొద్దున్నే ఐదున్నరకు కాలనీ రోడ్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేది మాత్రం పదిహేనేళ్లు ట్యాక్సీ నడిపి, నడుము నొప్పి పట్టి ఇక దూరాలు వెళ్లలేక ఈ పనిలో చేరినవాడు. ఆయన తొమ్మిదో తరగతిలోనే చదువు ఆపేసి ఉండొచ్చు. నేర్పడంలో ఫైల్లో పేరున్నవాడి కన్నా నాలుగు రెట్లు మేలైనవాడు కూడా కావచ్చు. కానీ చట్టం దృష్టిలో ఆయన లేడు. లేనివాడికి జీతం ఎంతివ్వాలి, ఎన్ని గంటలు పని చేయించాలి అని అడిగే నాథుడు ఉండడు. రోజుకు పది పన్నెండు మందిని ఎక్కించి దింపాల్సి వచ్చినప్పుడు ఒక్కొక్కరికి దక్కేది ఎంతసేపో లెక్క వేసుకోవచ్చు.

ఇది ఎవరికీ తెలియని గుట్టు కాదు. 2024లో కేరళలో ఇదే వీధికెక్కింది. కొత్తగా రవాణా మంత్రి అయిన కె.బి.గణేశ్ కుమార్ డ్రైవింగ్ పరీక్షలు మరీ సులువైపోయాయని చెప్పి సంస్కరణలకు దిగారు. ఫిబ్రవరిలో సర్క్యులర్ వచ్చింది. ఒక్కో చోట రోజుకు జరిపే పరీక్షల సంఖ్యకు పరిమితి పెట్టారు. పాత బండ్లు పనికిరావన్నారు. పరీక్షకు డ్యుయల్ కంట్రోల్ బండి తేకూడదన్నారు. విద్యార్థి స్టీరింగ్ పట్టుకుంటే మాస్టారి పాదాలు బండి నడిపే ముచ్చట తెలిసే పెట్టిన షరతు అది. మే నెలలో అమలు మొదలవగానే డ్రైవింగ్ స్కూళ్లు సమ్మెకు దిగాయి. చాలా చోట్ల పరీక్షలు రోజుల తరబడి ఆగిపోయాయి. మంత్రి కొన్ని మెట్లు దిగారు. పరీక్షల సంఖ్య పెంచారు, బండి వయసుపై సడలింపు ఇచ్చారు, డ్యుయల్ కంట్రోల్ బండ్లకు ప్రస్తుతానికి సరేనన్నారు.

వాటన్నిటికన్నా స్కూళ్లను ఎక్కువగా ఇరుకున పెట్టిన షరతు మరొకటి ఉంది. స్కూలు లైసెన్సులో ఎవరి పేరు ఉందో ఆ అధీకృత ఇన్‌స్ట్రక్టరే విద్యార్థుల వెంట పరీక్ష మైదానానికి రావాలన్నది ప్రభుత్వం మాట. చూడ్డానికి ఇంత న్యాయమైన కోరిక ఇంకోటి ఉండదు. పాఠం చెప్పిన మాస్టారు పరీక్ష రోజు పక్కన నిలబడితే నష్టమేమిటి? నష్టమల్లా పాఠం చెప్పినవాడు, లైసెన్సులో ఉన్నవాడు ఒకరే కానప్పుడు. ఆ షరతు ఎత్తేయాలని సంఘాలు రోడ్డెక్కాయి. మాస్టారు పొద్దంతా మైదానంలో ఉంటే మిగతా విద్యార్థులకు నేర్పేదెవరని చిన్న స్కూళ్లు అడిగాయి. ఆ ప్రశ్నలోనూ న్యాయం లేకపోలేదు. ఒకే మాస్టారున్న స్కూలుకు అది నిజమైన ఇబ్బంది. చివరికి వ్యవహారం కోర్టుకు వెళ్లింది. ఈ విషయాలపై నిబంధనలు చేసే అధికారం కేంద్రానిదని చెబుతూ 2025 జులైలో కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. ఒక రాష్ట్రం తనకు తోచిన దారిలో ఈ చిక్కు విప్పబోతే చట్టం కుదరదన్నది. బంతి ఢిల్లీ కోర్టులోనే ఉందని తేలింది.

కారు నేర్చుకునేవారి విషయంలో ఇదంతా ఒక ఎత్తు. చట్టం ప్రకారం తండ్రి కొడుక్కి నేర్పుకోవచ్చు. పక్కన కూర్చునే ఆ తండ్రిని కూడా నియమావళి 'ఇన్‌స్ట్రక్టర్' అనే పిలుస్తుంది. ఆయనకు ఆ తరగతి బండి లైసెన్సు ఉండి, అవసరమైతే బండిని ఆపగలిగే చోట కూర్చుంటే చాలు. స్కూలు సర్టిఫికెట్ లేకుండానే పరీక్షకు వెళ్లొచ్చు. లారీ, బస్సు నడిపి బతకదలచినవాడికి ఆ వెసులుబాటు లేదు. మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనానికి లైసెన్సు కావాలంటే గుర్తింపు ఉన్న స్కూలు నుంచి శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ తేవాల్సిందే. ఆ కాగితం పేరు ఫారం 5. అంతకుముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండాలి. వయసు ఇరవై నిండాలి. స్కూలులో శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు. అందులో స్టీరింగ్ పట్టి నడిపే గంటలు కనీసం 15 ఉండాలి. పాఠ్యాంశాల్లో బరువు బండి నడపడం, నిర్వహణ, అగ్నిప్రమాదాలు, ప్రథమ చికిత్సతో పాటు డ్రైవర్లకు ప్రజా సంబంధాలు అన్న భాగం కూడా ఉంది. సాటి రోడ్డు వాడకందార్లతో మర్యాదగా మెలగడం ఎలాగో చెప్పాలట. ఎవరికైనా ఎప్పుడైనా చెప్పారేమో తెలుసుకోవాలంటే జాతీయ రహదారి మీద పది నిమిషాలు నిలబడితే చాలు.

నిజానికి ఈ దేశంలో లారీ డ్రైవర్లను తయారు చేసిన బడి వేరు. కుర్రాడు క్లీనరుగా బండెక్కుతాడు. అద్దాలు తుడుస్తాడు, టైర్లు కొట్టి చూస్తాడు, రివర్సులో వెనక నిలబడి 'రానీ రానీ' అంటాడు. రెండేళ్లు గడిచాక ఏ అర్ధరాత్రో ఖాళీ రోడ్డు మీద ఉస్తాద్ స్టీరింగ్ చేతికిస్తాడు. అలా నేర్చుకున్నవాళ్లే దేశం సరుకు మోశారు. వాళ్ల నేర్పును తక్కువ చేయడానికి లేదు. కానీ ఉస్తాద్ నుంచి నేర్పుతో పాటు ఆయన తప్పులూ సంక్రమిస్తాయి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయడం అలాంటిదే. గేరులో ఉంటే ఇంజనే బండిని సగం పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ వేస్తే ఆ భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, అవసరమైన మలుపులో పట్టు వదులుతాయి. ఈ ముక్క అర్థమయ్యేట్టు చెప్పి, లోడు బండితో వాలులో దింపించి చూపే మాస్టారు దొరికితే ఒక డ్రైవర్ జీవితకాలంలో ఎన్ని ప్రాణాలు మిగులుతాయో.

స్కూలు సర్టిఫికెట్‌ను తప్పనిసరి చేసినప్పుడు చట్టం ఆశించింది అలాంటి మాస్టారినే. కానీ బరువు బండి నేర్పాలంటే స్కూలుకు సొంతంగా బరువు బండి ఉండాలి. దాన్ని శిక్షణకు తప్ప వేరే పనికి వాడకూడదు. లారీ కొని, డ్యుయల్ కంట్రోల్ పెట్టించి, కిరాయికి తిప్పకుండా డీజిల్ పోసి పదిహేను గంటలు నేర్పితే ఫీజు ఎంతవుతుందో, క్లీనరు ఎంత కట్టగలడో ఆలోచిస్తే మిగతా కథ ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలాగూ బండి నడపడం వచ్చినవాడికి కావలసింది కాగితం. స్కూలు అమ్మగలిగిందీ కాగితమే. దేశంలో 30 శాతం లైసెన్సులు బూటకమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పలుమార్లు అన్నారు. లైసెన్సు సంగతే అలా ఉంటే, దానికి ముందు దాఖలు చేసే ఫారం 5 గురించి ఏమనుకోవాలి?

ఆ ఫారం 5 ఒకసారి చదవదగ్గది. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తమ స్కూలులో శిక్షణ పొందాడని, రిజిస్టరులో అతని సంఖ్య ఇదని ఉంటుంది. అంతటితో ఆగదు. అతని శారీరక దారుఢ్యం, బాధ్యతా భావం పట్ల తృప్తి చెందినట్టు స్కూలు ప్రకటిస్తుంది. పదిహేను గంటల్లో మనిషి బాధ్యతా భావాన్ని తూచడం పెళ్లిచూపుల పెద్దలకు కూడా సాధ్యం కాదు. సరే, తూచారనుకుందాం. తూచిందెవరు? ఫారంలో స్కూలు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, సంతకం, ముద్ర ఉంటాయి. నేర్పిన మాస్టారి పేరు రాయడానికి గడి లేదు. నడిపిన గంటలు రాసే ఫారం 15లో ఇన్‌స్ట్రక్టర్ సంతకానికి చోటుంది. అది స్కూలు సొరుగులో ఉండే రిజిస్టరు. ఆ డ్రైవర్ రేపు ఎక్కడో ప్రమాదం చేస్తే, ఇతనికి నేర్పింది ఎవరు అన్న ప్రశ్న ఎవరూ వేయరు. వేసినా లైసెన్సు కాగితంలో జవాబు దొరకదు. మందు రాసిన డాక్టరు పేరు చీటీ మీద ఉంటుంది. ఇంటి ప్లాను గీసిన ఇంజనీరు పేరు నకలు మీద ఉంటుంది.

డ్రైవరు చదువు మీద జరిగినంత చర్చ కూడా మాస్టారి చదువు మీద జరగలేదు. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలని 2007లో నిబంధన తెచ్చారు. తమ మేవాత్ ప్రాంతంలో చదువు లేకపోయినా బండి నడిపే నేర్పున్నవారు బతుకుతెరువు కోల్పోతున్నారని హర్యానా ప్రభుత్వం మొరపెట్టుకుంది. 2019లో కేంద్రం ఆ షరతు ఎత్తేసింది. మంచి పనే. చదువుకు, స్టీరింగుకు లంకె పెట్టడం సరికాదన్నారు. దాని బదులు శిక్షణ నాణ్యత పెంచుతామన్నారు. నడిపేవాడికి బడి చదువు కన్నా నేర్పు ముఖ్యమని ఒప్పుకున్నవారు నేర్పేవాడి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మార్కుల జాబితాయే అడుగుతున్నారు. పైగా ఇక్కడ చదువు ఇంకాస్త పెరిగింది.

పెంచింది 2021లో. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల పేరుతో కేంద్రం కొత్త నిబంధనలు ప్రకటించింది. ఆ ఏడాది జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. తేలికపాటి వాహనాలకు ఎకరం, బరువు వాహనాలకు రెండెకరాల స్థలం కావాలి. సిమ్యులేటర్ ఉండాలి, సొంత ట్రాక్ ఉండాలి, బయోమెట్రిక్ హాజరు ఉండాలి. కారుకు నాలుగు వారాల్లో 29 గంటలు, బరువు వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు నేర్పాలి. పాత పదిహేను గంటలతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగు. కాదనడానికి లేదు. మాస్టారి సంగతేమిటని చూస్తే, పన్నెండో తరగతి పాస్, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం. పదికి రెండేళ్లు కలిపారు. నేర్పే పద్ధతిపై పరీక్ష ఊసు ఇక్కడా లేదు.

ఇది చిన్న లోటు కాదు. ఎందుకంటే ఈ కేంద్రాల్లో పాసైనవారికి ప్రభుత్వ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. 2024 మేలో సోషల్ మీడియాలో పెద్ద గందరగోళం రేగింది. జూన్ 1 నుంచి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లక్కర్లేదని, ఏ డ్రైవింగ్ స్కూలైనా లైసెన్సు పరీక్ష పెట్టేస్తుందని ప్రచారం జరిగింది. కొత్తగా ఏదీ మారలేదని, మినహాయింపు గుర్తింపు పొందిన కేంద్రాలు ఇచ్చే ఫారం 5బి ఉన్నవారికేనని, మామూలు స్కూళ్ల ఫారం 5 తెచ్చినవారు ట్రాక్ మీద నడిపి చూపాల్సిందేనని రవాణా శాఖ వివరణ ఇచ్చింది. పుకారు చల్లారింది గానీ అందులోని అసలు ప్రశ్న చల్లారలేదు. ఫీజు తీసుకున్న చోటే పాస్ అని ముద్ర పడుతున్నప్పుడు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తప్పుకొన్నప్పుడు, రోడ్డుకూ అనర్హుడైన డ్రైవరుకూ మధ్య మిగిలిన అడ్డు ఆ మాస్టారొక్కడే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి చదువు కావాలి, ఎంపిక పరీక్ష ఉంటుంది. ఆయన కుర్చీలో కూర్చోబెడుతున్న మాస్టారిని మాత్రం నమ్మకం మీద వదిలేశారు.

ఇంకోవైపు వలయం సన్నబడుతోంది. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ప్రత్యేక ఆమోదం లేకుండా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. అలాంటివారి వల్ల ప్రమాదాలు పెరిగాయనడానికి తమ ముందు లెక్కలేవీ పెట్టలేదని కూడా కోర్టు గుర్తుచేసింది. ఆటోలు, మినీ వ్యాన్లు నడిపే లక్షల మందికి, బీమా పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న బాధితుల కుటుంబాలకు అది ఊరట. దాని మరో ఫలితం ఏమిటంటే, ఊళ్లో పాలు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు మోసే చిన్న బండ్లు నడిపేవారికి ఇక బతుకంతటికీ ఉన్న శిక్షణ కారు నేర్చుకున్నప్పటి శిక్షణే. కాలనీ రోడ్డు మీద పొద్దున్నే నేర్పే ఆ పేరులేని మాస్టారి బాధ్యత ఆ మేరకు పెరిగింది.

బయట ఎలా ఉందో చూస్తే, బ్రిటన్‌లో డబ్బు తీసుకుని కారు నేర్పాలంటే మాస్టారి పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఉండాలి. దానికి మూడు అంచెల పరీక్ష. ఒకటి నిబంధనలు, ప్రమాదాన్ని ముందే గుర్తించడం. రెండోది సొంత డ్రైవింగ్. మూడోది విద్యార్థికి నేర్పుతుండగా పరీక్షాధికారి వెనక కూర్చుని చూడడం. చివరి రెండింటికీ మూడేసి అవకాశాలే. పాసైతే కారు అద్దానికి ఆకుపచ్చ బ్యాడ్జి పెట్టుకోవాలి. ఇంకా శిక్షణలో ఉన్న మాస్టారైతే గులాబీ రంగు బ్యాడ్జి. నాలుగేళ్లకోసారి రెన్యువల్. మధ్యలో ఎప్పుడైనా అధికారి వచ్చి పాఠం ఎలా చెబుతున్నాడో చూస్తాడు. అక్కడ మెకానిక్ సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

అంత దూరం ఎందుకు, బంగ్లాదేశ్‌లో రోడ్డు రవాణా సంస్థ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సుల్లో ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు అన్నది విడిగా ఒక రకం. మనిషికే ఇస్తారు. అయితే కాగితం వేరు, రోడ్డు వేరు అన్నదానికి కూడా ఆ దేశమే సాక్ష్యం. 2018 జులై 29న ఢాకాలో బస్సు దూసుకెళ్లి ఇద్దరు విద్యార్థులు చనిపోతే, స్కూలు పిల్లలు యూనిఫారాలతో రోడ్డెక్కి ప్రతి బండినీ ఆపి లైసెన్సులు అడిగారు. చాలామంది దగ్గర అవి లేవు. మంచి నిబంధన రాసుకోవడంతో పని సగం కూడా కాదని ఢాకా చెప్పింది. మనం ఆ సగం దగ్గరికి కూడా రాలేదు.

మనకు మాస్టార్లు లేరా అంటే, ఉన్నారు. ఆర్టీసీలు దశాబ్దాలుగా తమ డ్రైవర్లకు తామే శిక్షణ ఇచ్చుకుంటున్నాయి. హకీంపేటలోని ఆర్టీసీ శిక్షణ కేంద్రం పేరు తెలంగాణలో తెలియనివారు తక్కువ. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బయటివారికి కూడా బరువు బండ్లు నేర్పే స్కూళ్లు నడుపుతోంది. కేరళలో ఆ గొడవ నడుస్తుండగానే 2024 జూన్‌లో అక్కడి ఆర్టీసీ కూడా తక్కువ ఫీజుతో స్కూళ్లు తెరిచింది. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో అశోక్ లేలాండ్ సహకారంతో డ్రైవింగ్ శిక్షణ సంస్థ వచ్చింది. ఢిల్లీలో మారుతి 2000 నుంచే ప్రభుత్వంతో కలిసి ఇలాంటిది నడుపుతోంది. ముప్పై ఏళ్లు ప్రయాణికుల్ని క్షేమంగా చేర్చి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, సైన్యంలో కొండదారుల్లో ట్రక్కులు నడిపి వచ్చిన హవల్దారు ఈ దేశంలో వేలల్లో ఉన్నారు. నేర్పడంలో వాళ్లకు ఒక నెల తర్ఫీదు ఇచ్చి, పరీక్ష పెట్టి, సొంత పేరు మీద లైసెన్సు ఇస్తే కొరత తీరుతుంది. ఇప్పటి నిబంధన ప్రకారం వాళ్లలో మోటారు మెకానిక్ సర్టిఫికెట్ లేనివాడు మాస్టారు కాలేడు. నిన్న ఐదేళ్లు నిండిన ఐటీఐ కుర్రాడు అవుతాడు.

చిన్న స్కూళ్ల భయం కూడా వినాలి. ప్రతి మాస్టారికీ పరీక్ష అంటే ఆర్టీఏ ఆఫీసులో మరో కిటికీ, ఆ కిటికీ దగ్గర మరో ఏజెంటు అని వాళ్లు అంటారు. అనుభవం మీద అంటున్న మాట కాబట్టి కొట్టిపారేయలేం. అందుకే పరీక్ష పెట్టేది స్కూళ్లకు లైసెన్సు ఇచ్చే కార్యాలయం కాకుండా వేరే సంస్థ అయితే మంచిది. ఇప్పటికే నేర్పుతున్నవారికి 1989లో ఇచ్చినట్టే గడువు, మినహాయింపు ఇవ్వొచ్చు. అప్పట్లో అనుభవాన్ని లెక్కలోకి తీసుకున్న పద్ధతి ఈసారి పరీక్షతో కలిపి తీసుకుంటే, తొమ్మిదో తరగతి మాస్టారు కూడా ఫైల్లోకి, జీతాల రిజిస్టరులోకి వస్తాడు.

దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. డ్రైవింగ్ స్కూళ్లపై నిబంధనలు చేసే అధికారం చట్టంలోని 12వ సెక్షన్ కేంద్రానికి ఎప్పుడో ఇచ్చింది. 2021లో ఎకరాలు, సిమ్యులేటర్ల నిబంధనలు వచ్చింది అలాంటి నోటిఫికేషన్‌తోనే. 24వ నిబంధనలో సర్టిఫికెట్ ఉన్న చోట పరీక్ష అని మార్చడానికి, ఫారం 5లో మాస్టారి పేరు, లైసెన్సు నంబరు రాసేందుకు ఒక గడి పెంచడానికి మరో నోటిఫికేషన్ చాలు. సుత్తి కావాలంటే జాబితాలో అలాగే ఉంచుకోవచ్చు.